మొదటి సెమిస్టర్ అవ్వగానే వేరే యూనివర్సిటీకి మారాలి, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్

ఒంగోలు_కుర్రాడు | అక్టోబర్ 4, 2025
అందరికీ నమస్తే. ఆగస్టులో ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌కి వచ్చాను, ఒహాయోలో చిన్న ఊరు, యూనివర్సిటీ పేరు వద్దులెండి. ఇక్కడ ఫీజు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి సెమిస్టర్‌కి 14 వేల డాలర్లు దాటుతోంది, నాన్న ఇల్లు తాకట్టు పెట్టి లోన్ తీశారు, డాలర్ చూస్తే 88 దాటి కూర్చుంది. పైగా నేను దేనికోసం ఈ కాలేజీ ఎంచుకున్నానో ఆ మెషిన్ లెర్నింగ్ కోర్సులు స్ప్రింగ్‌లో (జనవరి సెమిస్టర్) ఇవ్వట్లేదంట, చెప్పే ప్రొఫెసర్ వెళ్ళిపోయారు. టెక్సాస్‌లో మా సీనియర్లు చదువుతున్న స్టేట్ యూనివర్సిటీలో ఫీజు ఇందులో సగం కూడా లేదు. జనవరికి అక్కడికి వెళ్ళిపోదామని ఉంది. వీసా మళ్ళీ స్టాంపింగ్ చేయించాలా, సెవిస్ (ఫారిన్ స్టూడెంట్ల రికార్డులు ఉంచే అమెరికా ప్రభుత్వ సిస్టం) ఫీజు మళ్ళీ కట్టాలా, ఇక్కడ చదువుతున్న మూడు సబ్జెక్టులు పోయినట్టేనా, డైనింగ్ హాల్లో చేస్తున్న పార్ట్ టైం సంగతేంటి, ఇవీ నా డౌట్లు. మా కన్సల్టెన్సీకి ఫోన్ చేస్తే "ముందు అక్కడ మానేస్తున్నానని మెయిల్ పెట్టేయ్, మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. నాకెందుకో భయంగా ఉంది.

పాత_ఎఫ్1
తమ్ముడూ, ఆ మెయిల్ మాత్రం పెట్టకు. ఇంకా పెట్టలేదు కదా? అక్కడ అడ్మిషన్ చేతికి రాకుండా ఇక్కడ విత్‌డ్రా అయితే, డీఎస్ఓ (యూనివర్సిటీలో ఫారిన్ స్టూడెంట్ల రికార్డులు చూసే ఆఫీసర్) పర్మిషన్‌తో అయినా సరే దేశం వదిలి వెళ్ళడానికి 15 రోజులే ఇస్తారు. చెప్పకుండా క్లాసులు మానేస్తే రికార్డ్ టెర్మినేట్ చేస్తారు, అప్పుడు ఒక్క రోజు కూడా ఉండదు.

పద్ధతి ఇదీ. ముందు కొత్త యూనివర్సిటీకి మామూలు కొత్త స్టూడెంట్ లాగే అప్లై చెయ్యాలి, నువ్వు ఇక్కడే ఉన్నావని అడ్మిషన్ ఊరికే రాదు. అడ్మిషన్ లెటర్ వచ్చాక వాళ్ళు ఒక ట్రాన్స్‌ఫర్ ఫారం ఇస్తారు, అది, లెటర్, వాళ్ళ సెవిస్ స్కూల్ కోడ్ పట్టుకుని నీ ఇప్పటి డీఎస్ఓ దగ్గరికి వెళ్ళాలి. ఇద్దరూ కూర్చుని రిలీజ్ డేట్ పెట్టుకుంటారు. మొత్తం కథ ఈ రిలీజ్ డేట్ చుట్టూనే తిరుగుతుంది. ఆ రోజు దాకా నీ రికార్డ్ పాత యూనివర్సిటీ చేతిలో ఉంటుంది, మనసు మారితే క్యాన్సిల్ కూడా చేయించుకోవచ్చు. ఆ రోజు దాటిందా, పాత డీఎస్ఓ నీ రికార్డ్ ముట్టుకోలేరు. కొత్త ఐ-20 (స్టూడెంట్ వీసాకి ఆధారంగా యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కొత్తవాళ్ళే ఇవ్వాలి, అదీ రిలీజ్ అయ్యాకే.

కాబట్టి డిసెంబర్‌లో ఫైనల్స్ అయిపోయిన తర్వాత డేట్ పెట్టించుకో. డైనింగ్ హాల్ జాబ్ కూడా ఆ డేట్ వరకే, మర్నాడు షిఫ్ట్‌కి వెళ్తే అది అనుమతి లేని పని కిందకి వస్తుంది, మేనేజర్ బతిమాలినా వెళ్ళకు. పాత చోట చివరి రోజు నుంచి గానీ రిలీజ్ నుంచి గానీ 5 నెలల లోపు కొత్త చోట క్లాసులు మొదలవ్వాలి, డిసెంబర్ నుంచి జనవరికి కాబట్టి నీకు ఆ ఇబ్బంది లేదు. అక్కడికి వెళ్ళాక ఐ-20 మీద ఉన్న ప్రోగ్రాం స్టార్ట్ డేట్ నుంచి 15 రోజుల్లో ఇంటర్నేషనల్ ఆఫీసులో రిపోర్ట్ చెయ్యాలి, అప్పటిదాకా ట్రాన్స్‌ఫర్ పెండింగ్ అనే ఉంటుంది.

సెవిస్ నంబర్ మారదు గనక 350 డాలర్లు మళ్ళీ కట్టక్కర్లేదు. వీసా గడువు ఉన్నంతకాలం దాని మీద పాత యూనివర్సిటీ పేరున్నా చెల్లుతుంది, ఇండియా వెళ్ళొస్తే కొత్త ఐ-20 చేతిలో ఉండాలి, అంతే.

గోదారి_గట్టు
పాత_ఎఫ్1 గారు సెవిస్ సంగతి చక్కగా చెప్పారు. నేను క్రెడిట్ల గురించి చెప్తా, చాలామంది పిల్లలు దెబ్బ తినేది అక్కడే. బాబూ, అడ్మిషన్ ఇచ్చేది ఒక ఆఫీసు, ఐ-20 ఇచ్చేది ఇంకో ఆఫీసు, నువ్వు చదివిన సబ్జెక్టులు ఒప్పుకోవాలా వద్దా అనేది డిపార్ట్‌మెంట్‌లో గ్రాడ్యుయేట్ అడ్వైజర్ చేతిలో ఉంటుంది. వీళ్ళు ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకుంటారని అనుకోకు. సెవిస్ ట్రాన్స్‌ఫర్ అయింది కదా అని క్రెడిట్లు వాటంతట అవే వెళ్ళవు.

మాస్టర్స్‌లో చాలాచోట్ల 6 నుంచి 9 క్రెడిట్లు, కొన్నిచోట్ల 12 దాకా ఒప్పుకుంటారు. గ్రేడ్ బీ గానీ ఆపైన గానీ ఉండాలి, వాళ్ళ దగ్గర దానికి సరితూగే కోర్సు ఉండాలి. అందుకని ప్రతి సబ్జెక్టు సిలబస్ పీడీఎఫ్ ఇప్పుడే దాచుకో, సెమిస్టర్ అయ్యాక క్లాస్ పేజీ మూసేస్తారు, ఆ తర్వాత సిలబస్ కోసం ప్రొఫెసర్‌కి మెయిల్ మీద మెయిల్ పెట్టుకుంటూ కూర్చోవాలి. అప్లై చేసే ముందే ఆ సిలబస్‌లు పంపి, వీటిలో ఏవి తీసుకుంటారని అడ్వైజర్‌ని రాతలో అడుగు. ఫోన్లో "మే బీ" అన్నది లెక్కలోకి రాదు.

ఫీజు సగం అంటున్నావు కదా, అది నాన్ రెసిడెంట్ రేటా, స్కాలర్‌షిప్ వచ్చినవాళ్ళ రేటా కనుక్కో. టెక్సాస్‌లో ప్రభుత్వ యూనివర్సిటీ పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లది వస్తే రెసిడెంట్ ఫీజే (ఆ రాష్ట్రంవాళ్ళు కట్టే తక్కువ ఫీజు) వేసే వీలుంది. మీ సీనియర్లు కడుతున్నది అదై ఉండొచ్చు. ఆ స్కాలర్‌షిప్ స్ప్రింగ్‌లో చేరేవాళ్ళకి ఇస్తున్నారా, ఫాల్ (ఆగస్టు సెమిస్టర్) వాళ్ళకేనా, ముందు అది తేల్చుకో. దాన్ని బట్టి నీ లెక్కంతా తారుమారవుతుంది.

కడప_2022
నేను వేరే మాట చెప్తా, ఎవరూ ఏమనుకోవద్దు. ఫీజు ఒక్కటే చూసి మారొద్దు బ్రో. వచ్చే సమ్మర్‌కి ఇంటర్న్‌షిప్ అనుకుంటున్నావా లేదా? సీపీటీకి (చదువుతూనే బయట ఇంటర్న్‌షిప్ చేసే అనుమతి) ఒక పూర్తి అకడమిక్ ఇయర్ ఫుల్ టైం చదివుండాలి. ఫాల్ ఇక్కడ, స్ప్రింగ్ అక్కడ కలిపి లెక్కేసే స్కూళ్ళు ఉన్నాయి, మా దగ్గరే రెండు సెమిస్టర్లు అవ్వాలి అనే స్కూళ్ళు కూడా చాలానే ఉన్నాయి. రెండో రకం అయితే నీ సమ్మర్ పోయినట్టే. ఇప్పుడున్న మార్కెట్‌లో ఇంటర్న్‌షిప్ లేకుండా ఫుల్ టైం ఆఫర్ ఎంత కష్టమో నీకు తెలుసు. ఫీజులో 10 వేలు మిగిలి, ఒక సమ్మర్ జీతం, దానితో వచ్చే ఆఫర్ రెండూ పోతే ఏం లాభం చెప్పు.

ఇంకోటి, చిన్న ఊళ్ళో చిన్న డిపార్ట్‌మెంట్ అంటే తీసిపారెయ్యకు. గ్రేడర్, టీఏ (టీచింగ్ అసిస్టెంట్), ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) లాంటివి అక్కడ అడిగేవాళ్ళు తక్కువ. మనవాళ్ళు వేలల్లో ఉండే టెక్సాస్ క్యాంపస్‌లో ఒక్క లైబ్రరీ జాబ్‌కి ఎంతమంది క్యూ కడతారో మీ సీనియర్లనే అడుగు.

ఒంగోలు_కుర్రాడు
కడప బ్రో, సీపీటీ విషయం నాకు తట్టనే లేదు, థాంక్స్. టీఏ కోసం ముగ్గురు ప్రొఫెసర్లని కలిసాను, పీహెచ్‌డీ వాళ్ళకే సరిపోవట్లేదు అన్నారు. గోదారి అక్కా, సిలబస్‌లు ఇప్పుడే దించి పెట్టుకున్నా.

వరంగల్_పోరడు
తమ్మీ, నేను నిరుడు గిట్లనే మారిన, మిస్సోరీ నుంచి. మస్తు మంది చెప్పని ముచ్చట ఒకటి చెప్త. పాత యూనివర్సిటీల నీ అకౌంట్ మీద ఒక్క డాలర్ బాకీ ఉన్నా హోల్డ్ పెడ్తరు, హోల్డ్ ఉంటే ట్రాన్స్‌క్రిప్ట్ బయటికి రాదు. పార్కింగ్ ఫైన్, లైబ్రరీ బుక్కు, హెల్త్ సెంటర్ బిల్లు అన్నీ చూసుకో. నవంబర్‌ల స్ప్రింగ్ రిజిస్ట్రేషన్ ఓపెన్ అయితది గద, కొత్తకాడ ఏం తేలకపోతే పాతకాడ రిజిస్టర్ చేసి పెట్టు, ఎందుకంటే రేపు అటు సీటు రాకపోతే ఇటన్న నిలబడాలె గద, కానీ కొత్తది పక్కా అయినంక క్లాసులు షురూ అయ్యే లోపట డ్రాప్ చెయ్యి, లేకుంటే ఫీజు మీద పడ్తది. ఎన్ని రోజులల్ల ఎంత వాపస్ ఇస్తరనేది బర్సార్ (ఫీజులు చూసే) ఆఫీస్ పేజీల రాసి ఉంటది, దాన్ని ప్రింట్ తీసి గోడకు అంటించుకో.

కొత్తోళ్ళు నీ ఇండియా మార్కుల మెమోలు మళ్ళ అడుగుతరు, ఇక్కడి మొదటి సెమిస్టర్ గ్రేడ్లు కూడ అడుగుతరు. జీపీఏ 3.0 కింద ఉంటే మాత్రం శాన కష్టం. అందుకే ఈ రెండు నెలలు ట్రాన్స్‌ఫర్ గురించి ఫోన్లల్ల తిరుగుడు తక్కువ చేసి ముందుగాల చదువు మీద ఉండు.

ఫ్రిస్కో_రైడర్
ఇంత కష్టం ఎందుకు బ్రో. డే 1 సీపీటీ ఇచ్చే కాలేజీలు బోలెడున్నాయి, సెమిస్టర్‌కి ఒకట్రెండు వీకెండ్లు వెళ్తే చాలు, మొదటి రోజు నుంచే ఫుల్ టైం జాబ్ చేసుకోవచ్చు, ఫీజు జీతంలోంచే కట్టెయ్యొచ్చు. మా రూంమేట్ అదే చేశాడు. కావాలంటే కాంటాక్ట్ ఇస్తా, రిఫరల్ మీద ఫీజులో తగ్గిస్తారు.

పాత_ఎఫ్1
ఫ్రిస్కో, దయచేసి ఆ కాంటాక్టులు ఇక్కడ ఇవ్వకు. రిఫరల్ మీద డబ్బులు అన్న దగ్గరే ఆగిపోవాలి ఎవరైనా.

ఈ థ్రెడ్ చదివే చిన్నవాళ్ళకి 2011 గుర్తుండదు. కాలిఫోర్నియా ప్లెజంటన్‌లో ట్రై వ్యాలీ యూనివర్సిటీ అని ఉండేది, ఆ జనవరిలో రెయిడ్ చేసి మూసేశారు. అందులో ఎక్కువమంది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పిల్లలే. కొంతమంది కాళ్ళకి రేడియో ట్రాకర్లు కట్టారు, ఆ ఫోటోలు మన పేపర్లలో వచ్చాయి, భారత ప్రభుత్వం నిరసన తెలిపింది. దాన్ని నడిపిన ఆవిడకి 2014లో 16 ఏళ్ళకి పైగా జైలుశిక్ష పడింది, కానీ పిల్లల చదువు, డబ్బు ఎవరిస్తారు?

2019 జనవరిలో మళ్ళీ. మిషిగన్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్. దాన్ని పెట్టిందే అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ ఏజెంట్లు. క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్ళు లేరు. మొదటి విడతలోనే 130 మందిదాకా స్టూడెంట్లని పట్టుకున్నారు, దాదాపు అందరూ ఇండియన్సే, చేర్పించిన దళారుల్లో మన తెలుగువాళ్ళున్నారు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో స్టూడెంట్లని తీసుకునే స్కూళ్ళ లిస్టులో ఈ పేరు కూడా ఉంది! కాబట్టి లిస్టులో పేరుంది కదా అని ఊరుకుంటే సరిపోదు, క్లాసులు నిజంగా నడుస్తున్నాయా, పాఠం చెప్పే మనిషి ఎవరు, వారంలో ఎన్ని గంటలు, ఇవి కళ్ళతో చూసుకోవాలి.

డే 1 సీపీటీ అన్నీ దొంగవని నేను అనట్లేదు, పనిని చదువులో భాగంగా మొదటి నుంచే పెట్టిన పీజీ ప్రోగ్రాములకి రూల్‌లోనే మినహాయింపు ఉంది. కానీ ఆ మినహాయింపుని అడ్డం పెట్టుకుని నడిచే చోట చేరితే, తర్వాత హెచ్1బీ వేసేటప్పుడు నువ్వు అసలు స్టూడెంట్‌గా ఉన్నావా అని క్లాస్ అటెండెన్స్ దగ్గర్నుంచి ఫీజు రసీదుల దాకా అడుగుతారు. ఇంకోటి, ఫుల్ టైం సీపీటీ 12 నెలలు చేస్తే ఆ లెవెల్‌లో ఓపీటీ (చదువయ్యాక ఏడాది పని చేసే అనుమతి) పోతుంది. ఓపీటీ పోతే దాని మీద వచ్చే 24 నెలల స్టెమ్ ఎక్స్‌టెన్షన్ (సైన్స్, టెక్నాలజీ లాంటివి చదివినవాళ్ళకి ఇచ్చే పొడిగింపు) కూడా లేనట్టే. ఒంగోలు తమ్ముడు కంప్యూటర్ సైన్స్, అతనికి ఆ మూడేళ్ళు చేతిలో ఉన్న ఆస్తి. దాన్ని వీకెండ్ క్లాసులకి అమ్ముకోమని ఎలా చెప్తాం?

గుంటూరు_నాన్న
అందరికీ నమస్కారం. నేను స్టూడెంటుని కాదు, తండ్రిని. మా అమ్మాయికి జనవరి సెమిస్టర్‌కి ఒక యూనివర్సిటీ ఐ-20 మీద హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా వచ్చిందండి. ఇప్పుడు ఇంకో మంచి యూనివర్సిటీ నుంచి స్కాలర్‌షిప్‌తో అడ్మిషన్ వచ్చింది. వీసా ఎలాగూ వచ్చింది కదా, రెండో దానికి నేరుగా వెళ్ళిపోవచ్చు అని ఏజెంటు అంటున్నాడు. నిజమేనా? టిక్కెట్టు ఇంకా తియ్యలేదు.

గోదారి_గట్టు
అన్నయ్య గారూ, నేరుగా వెళ్ళకూడదండి. మొదటిసారి దేశంలో అడుగుపెట్టేటప్పుడు వీసా మీద ఏ యూనివర్సిటీ పేరుందో ఆ ఐ-20తోనే రావాలి, అక్కడికే వెళ్తున్నానని చెప్పగలగాలి. ఎయిర్‌పోర్టులో ఆఫీసర్ వీసా మీద ఒక పేరు, చేతిలో ఇంకో పేరు చూస్తే పక్క గదికి తీసుకెళ్తాడు, పిల్ల ఒక్కతే, భయపడుతూ ఏదో ఒకటి చెప్తుంది, అక్కడి నుంచే వెనక్కి పంపిన సందర్భాలు ఉన్నాయి.

అమ్మాయి రెండోదాంట్లోనే చేరాలనుకుంటే ఇప్పుడే, ఇండియాలో ఉండగానే, రెండు యూనివర్సిటీల ఇంటర్నేషనల్ ఆఫీసులకీ మెయిల్ పెట్టించండి. రెండు ఐ-20ల మీదా ఎన్ అక్షరంతో మొదలయ్యే సెవిస్ నంబర్లు వేరువేరుగా ఉంటాయి, ఏ నంబర్ మీద 350 కట్టారు, ఏ నంబర్ మీద వీసా వచ్చింది అన్నది వాళ్ళకి చెప్పాలి. కొత్తదాని పేరు మీద మళ్ళీ వీసాకి వెళ్ళడమే అన్నిటికంటే నిక్కచ్చి పద్ధతి, టైం లేకపోతే కొత్తవాళ్ళని అడ్మిషన్ ఫాల్‌కి జరపమని అడగొచ్చు, చాలామంది జరుపుతారు. ఏజెంటు మాట మీద టిక్కెట్టు మాత్రం తియ్యకండి, ఎయిర్‌పోర్టులో ఆ పిల్ల పక్కన ఆయన ఉండడు.

గుంటూరు_నాన్న
చాలా సంతోషం అమ్మా. రెండు చోట్లకీ ఇవాళే మెయిల్ పెట్టిస్తాను.

కడప_2022
అందరూ ఒక విషయం గమనించండి. 2025 ఆగస్టు 28న హోంలాండ్ సెక్యూరిటీ ఒక కొత్త రూల్ ప్రతిపాదించింది. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్ళకి చదువున్నంత కాలం ఉండొచ్చనే పద్ధతి తీసేసి గరిష్ఠంగా 4 ఏళ్ళ గడువు పెట్టాలని, చదువయ్యాక ఇచ్చే 60 రోజుల గ్రేస్‌ని 30కి తగ్గించాలని అందులో ఉంది. మనకి ముఖ్యమైంది ఏంటంటే పీజీ వాళ్ళు మధ్యలో ప్రోగ్రాం మారడాన్ని, డిగ్రీ పిల్లలు మొదటి ఏడాదిలో స్కూల్ మారడాన్ని కట్టడి చెయ్యాలని కూడా ఉంది. నేను ఇది రాసేనాటికి అది ప్రతిపాదనే, రూల్ కాలేదు. మారాలనుకున్నవాళ్ళు మాత్రం ఏళ్ళ తరబడి నాన్చొద్దు, అడుగేసే రోజున డీఎస్ఓని అడిగే వెయ్యండి. ఈ థ్రెడ్‌లో ఉన్నదే వేదం అనుకుని రెండేళ్ళ తర్వాత ఎవరూ ఫాలో అవ్వొద్దు.

ఒంగోలు_కుర్రాడు | డిసెంబర్ 2, 2025
అప్‌డేట్. టెక్సాస్‌లో అడ్మిషన్ వచ్చింది. గోదారి అక్క చెప్పినట్టు ముందే అడిగితే మూడు సబ్జెక్టుల్లో రెండు తీసుకుంటామని అడ్వైజర్ మెయిల్‌లో రాసిచ్చారు, ఆల్గారిథమ్స్ మాత్రం వాళ్ళ దగ్గరే చదవాలంట. స్కాలర్‌షిప్ స్ప్రింగ్‌లో లేదు, వచ్చే ఫాల్‌కి అప్లై చేసుకోవాలి, కాబట్టి మొదటి సెమిస్టర్ మామూలు ఫీజే, అయినా ఇక్కడికంటే తక్కువే. సీపీటీకి రెండు చోట్ల చదివింది కలిపి లెక్కేస్తారని వాళ్ళ డీఎస్ఓ చెప్పారు, అది విన్నాకే నేను డిసైడ్ అయ్యా. రిలీజ్ డేట్ ఫైనల్స్ అయిన తర్వాతి సోమవారానికి పెట్టించుకున్నా, డైనింగ్ హాల్లో ఆఖరి షిఫ్ట్ ఆదివారం.

ఇంకొక్క డౌట్. కొత్త ఐ-20 కోసం బ్యాంక్ పేపర్లు అడుగుతున్నారు, నా లోన్ శాంక్షన్ లెటర్ మీద పాత యూనివర్సిటీ పేరుంది. వాళ్ళు ఒప్పుకుంటారా? నాన్న బ్యాంకుకి వెళ్తే మళ్ళీ మొదటి నుంచి ప్రాసెస్ అన్నారంట, ఆయన కంగారు పడుతున్నారు.

వరంగల్_పోరడు
కంగారు పడొద్దని చెప్పు బాపుకి. నాకు గిదే అయింది. పాత పేరున్న లెటర్ చాన యూనివర్సిటీలు ఒప్పుకోవు, ఎందుకంటే బ్యాంకోళ్ళు పైసలు నేరుగా ఆ యూనివర్సిటీ అకౌంట్లకే పంపుతరు. మళ్ళ మొదటి నుంచి అంటే ఇల్లు మళ్ళ తాకట్టు పెట్టుడు కాదు, శాంక్షన్ లెటర్‌ల కాలేజీ పేరు, ఫీజు మార్చి రివైజ్ చేసుడు. దానికి కొత్త అడ్మిషన్ లెటర్, కొత్త ఫీజు స్ట్రక్చర్, నువ్వు రాసిన రిక్వెస్ట్ లెటర్, ఈ మూడు నాన్నకు మెయిల్ చెయ్యి, బ్రాంచిల లోన్ చూసే ఆఫీసర్‌నే కలవమను, కౌంటర్ల అడిగితే తెల్వదంటరు. కొన్ని బ్యాంకులు కొత్త ఐ-20 తెమ్మంటయ్, యూనివర్సిటీ ఏమో లెటర్ ఉంటేనే ఐ-20 అంటది. గా ముడి పడ్డదనుకో, నాన్న ఫిక్స్‌డ్ డిపాజిట్ గానీ సేవింగ్స్ గానీ ఉంటే వాటి బ్యాలెన్స్ సర్టిఫికెట్, ఆయన సంతకంతో స్పాన్సర్ లెటర్ పెట్టి ముందు ఐ-20 తీస్కో, సరిపోకుంటే దగ్గరి చుట్టాలు కూడా స్పాన్సర్ చెయ్యొచ్చా అని అడుగు, శానకాడ ఒప్పుకుంటరు. లోన్ పేరు తర్వాత మారుతది. జనవరి ఫీజు డెడ్‌లైన్ దాటేటట్టుంటే ఇన్‌స్టాల్‌మెంట్ ప్లాన్ పెట్టు, మొదటి కిస్తీ కడ్తే క్లాసులల్లకెళ్ళి పేరు తియ్యరు.

ఒంగోలు_కుర్రాడు
అన్నా, చిన్నాన్న పేరు మీద ఎఫ్‌డీ ఉంది, ఆయన సంతకం పెడతానన్నారు. రేపు పొద్దున్నే ఇంటర్నేషనల్ ఆఫీస్‌కి మెయిల్ పెట్టి అడుగుతా, ఏమన్నారో ఇక్కడ రాస్తా.